ముందువంట – వేడివంట

హైదరాబాదు నగరమున నూతనముగా గృహప్రవేశము చేసికొనిన యొక యిల్లాలు, ఆనాడు పిలువ వీలుపడని 30 మంది బంధుమిత్రులను ఒక ఆదివారము సాయంకాలమున అల్పాహారమునకు పిలువ నిశ్చయించుకొని, ఆ విందున వడ్డింపదగిన చిరుతిండ్లను గూర్చి, రాజమహేంద్రవరమునుండి వచ్చిన తన యన్నభార్యతో ఆలోచింప మొదలిడెను. ఇరువురును వంట యెరిగినవారే; ఇరువురును అతిథులయందు ఆదరము గలవారే; అయినను ఆ యాదరమును చూపు విధమును గూర్చి వారి యభిప్రాయములు తూర్పుపడమరలుగా నుండెను. వారి మాటలలో ఇల్లు నడుపువారి కందరికిని పనికివచ్చు విషయములు పెక్కులుండుటచే, ఆ సంవాదము నిట పొందుపరచుచున్నాను.

ఆడపడుచు: వదినా, నే నొక నిర్ణయమునకు వచ్చితిని. ఆదివారము నాలుగు గంటలు దాటిన పిమ్మట మన వంటయింట పొయ్యిమీద బాణలి యెక్కరాదు. వడ్డింపవలసిన దంతయు అంతకు ముందే సిద్ధమై, డబ్బాలలోనో గిన్నెలలోనో మూతల క్రింద నుండవలెను. చెక్కలు, సకినాలు, ఆవడలు, శనగల గుగ్గిళ్ళు, పులిహోర – ఇవి చాలును. వచ్చినవారితో కూర్చుండి నేనును నాలుగు మాటలు చెప్పుకొనవలెనని నా కోరిక.

వదిన: అమ్మాయీ, నీ కోరికను కాదనను, కాని నీ వెంచుకొన్న మార్గము నాకు నచ్చలేదు. అతిథి రాకను మన పెద్దలు సామాన్యముగా తలచి యుండలేదు. తైత్తిరీయోపనిషత్తు తల్లిదండ్రుల సరసను గురువును, గురువు సరసను అతిథిని నిలిపి, వారి నందరను దేవతలుగా చూడుమని బోధించినది. అట్టివాడు గడప దాటి వచ్చి కూర్చుండిన తరువాత, వాని కొరకు పొయ్యి వెలిగించి, శనగపిండి జారుగా కలిపి, కాగిన నూనెలో మిరపకాయ బజ్జీ వైచి, పొంగి తేలిన దానిని తీసి చీల్చి, ఉల్లిపాయ తరుగు కూరి, నిమ్మరసము పిండి, ఆవిరి తగ్గకముందే చేతి కందించుటలో నున్న యాదరము, నిన్నటి వంటను ఎంత యందముగా పళ్ళెరమున నమర్చినను రాదు. నీ కొరకే యిది యిప్పుడే చేసితిమని ఆ వేడియే చెప్పును. వేరుగా మన మేమియు చెప్ప నక్కరలేదు.

ఆడపడుచు: ఆ వేడిని పుట్టించువా రెవరో, వారు విందులో నెచ్చట నుందురో కూడ ఆలోచింపుడు. లెక్క వేసి చూతము. 30 మందికి తలకు మూడేసి బజ్జీలనిన 90 బజ్జీలు. మన బాణలిలో వాయికి ఎనిమిదికి మించి వేసితిమా, నూనె చల్లబడి పిండి దానిని పీల్చుకొనును. కనుక 12 వాయిలు కావలెను. వాయికి ఐదు నిమిషములనినను గంటసేపు ఒకరు పొయ్యి విడిచి కదలరాదు. గారెలును పునుగులును చేర్చితిమా, విందు ముగియు వరకు ఆమెకు విడుదల లేదు. అతిథులు ముందు గదిలో ముచ్చటించుకొనుచుందురు. ఇల్లాలు ఆ మాటలను గోడ కీవలనుండి వినుచుండును. వారు లేచి వెడలునప్పుడు చేతులు తుడుచుకొని గుమ్మము కడకు వచ్చి, బొట్టు పెట్టి, మరల రండని చెప్పును. ఆమె పిలిచిన చుట్టములు ఆమె మొగము చూచునది ఆ రెండు నిమిషములే. ఇంటి యజమానురాలికే చోటులేని విందును ఆతిథ్యమని నే నెట్లనగలను?

వదిన: శ్రమ లేని యాతిథ్య మెచ్చట నున్నది? శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుని గృహమును వర్ణించుచు, ఆ యింట నడిరేయి చెవియొగ్గి విన్నను, కూరలు పెక్కు లేవనియు, వేడిమి లేదనియు, పిండివంటలు లేవనియు, అన్నము సొంపుగా నమరలేదనియు, అయినను దయచేసి భుజింపవలసినదనియు అతిథులను ప్రార్థించు మాటలు వినబడుచుండెనని చెప్పెను. అర్ధరాత్రమున వచ్చిన బాటసారికి సైతము, వేడి లేనందులకు ఆ మహనీయుడు మన్నింపు కోరెను. లేనందులకు మన్నింపు కోరుట యనగా, ఉండవలసిన దని యొప్పుకొనుటయే. అర్ధరాత్రము గనుక ఆయనకు చెల్లెను. సాయంకాలము నాలుగు గంటలకు, గ్యాసుపొయ్యి ప్రక్కనుండగా, మన కే సాకు చెల్లును?

ఆడపడుచు: ఆ ఘట్టమును నేను వేరొక విధముగా గ్రహించితిని. వేడి లేకున్నను, పిండివంటలు లేకున్నను, ఆ యింటి యాతిథ్యమును రాయలు ఉత్తమోత్తమముగా కీర్తించెను. ఏవేళ వచ్చినవానికైనను పెట్టుటకు ఆ యింట నేదో యొకటి సిద్ధముగా నుండుటయు, గృహస్థుడు స్వయముగా ఎదుట నిలిచి మంచిమాట పలుకుటయు ఆ కీర్తికి కారణములు. అంతేకాదు, ఆ కావ్యముననే ఋతు వనుసరించి విష్ణుచిత్తుడు పెట్టిన వంటలు చెప్పబడినవి గదా. జడివానల నాళ్ళలో ఆయన వడ్డించినవాటిలో వరుగులును వడియములును కలవు. వరుగును వడియమును వానకాలమున పెట్టగలమా? ఎండలు మండు దినములలో నెవరో తరిగి, రుబ్బి, చాపలపై నార్చి, రాబోవు అతిథుల కొరకు దాచియుంచిరి. వారు తలపెట్టిన యతిథి యెవరో వారికే తెలియదు. ముఖ మెరుగనివాని కొరకు రెండునెలల ముందే చేయబడిన వంటయందు ఆదరము లేదనగలమా?

వదిన: వానకాలమును చెప్పి చలికాలమును విడిచితివి. హేమంతమున ఆయన పెట్టిన కూరలు మిరియపుపొడితో, చుయ్యిమను చప్పుడు ఆరకమునుపే విస్తరిలోనికి వచ్చినవి. నేయి చేతికి చురుక్కుమనునంత వేడిగా నుండెను. వడియమైనను డబ్బాలోనుండి నేరుగా విస్తరిలోనికి రాలేదు. వడ్డించు క్షణమున నూనెలో పొంగి వచ్చినది. ఇక బజ్జీ సంగతి: పైపొరలోని నీరు ఆవిరియై పోయినందుననే అది కరకరలాడును. లోపలి మిరపకాయలో మిగిలిన తేమ, చల్లారుచున్నకొలది, ఎండిన పైపొరకు ప్రాకును. మూత పెట్టితిమా, ఆవిరి మూతకు తగిలి నీరై మరల దానిమీదనే రాలును. అరగంటలో కరకర పోయి, తోలువలె సాగును. పునుగు గతియు నంతే. మినపగారె గతియు నంతే. వీనిని ముందుగా చేసి పెట్టుట వంట చేసి పారవేయుటతో సమానము.

ఆడపడుచు: ఆ మాటకు నేను తలయొగ్గెదను. బజ్జీని, పునుగును ముందుగా చేయుదమని నే నెన్నడును అనలేదు. వానిని విందు పట్టికలోనే చేర్చలేదు. కాలము కొన్ని వంటలను చెరచును, కొన్నింటిని చెరుపక విడుచును, కొన్నింటికి రుచి కూర్చును. చెరుపనివానిలో మొదటిది చెక్క. దానిలో నీరు మిగులనే మిగులదు. నీరు లేనిచోట మెత్తబడుటకును చెడుటకును తావు లేదు. మనవారు కూతురిని అత్తవారింటికి పంపునప్పుడు సారెగా చెక్కలు, జంతికలు, అరిసెలు, సున్నుండలు గంపల కెత్తి పంపుదురు; అవి అన్నియు ముందే చేసినవి; ఊరంతయు పంచిపెట్టునప్పటికి మరి కొన్ని దినములు గడచును. వేడిగా లేవని వియ్యపురా లెవరైనను చిన్నబుచ్చుకొనెనా? మర్యాదలలో నెల్ల పెద్ద మర్యాదయైన సారెయే ముందువంటయై యుండగా, నా విందున చెక్క పెట్టుట యెట్లు తక్కువ యగును?

వదిన: సారెను తెచ్చితివి గనుక చెక్కను గూర్చి నా కేమియు ఆక్షేపణ లేదు, కాని దానిని చేయు పద్ధతి తప్పినచో నీ వాదమంతయు మూడవనాటికి మెత్తబడిపోవునని హెచ్చరించుచున్నాను. కిలో బియ్యపు పిండికి నూరు గ్రాముల వెన్న పట్టించి, పిడికిట పట్టిన ముద్ద నిలుచునట్లుండవలెను. శనగపప్పును గంటసేపు నానవేసి, నీరంతయు వార్చి, గుడ్డపై తడి యార్చి కలుపవలెను. పప్పులో తడి మిగిలినచో నూనెలో చిటపటలాడుటే కాక, వేగిన పిమ్మట ఆ తడియే చెక్కను మెత్తపరచును. జీలకర్ర, కరివేపాకు, పచ్చిమిర్చి ముద్దకు మారుగా ఎండుకారము – ఇవి నీ వెరిగినవే. నూనె మిక్కిలి కాగరాదు; పై రంగు త్వరపడి వచ్చి లోపల పచ్చి నిలుచును. మధ్యస్థమైన సెగమీద, చెక్క చుట్టును లేచు బుడగలు తమంతట తామే అణగిపోవు వరకు ఓర్పు పట్టవలెను. ఆ బుడగలు పిండిలోని నీరు వెడలిపోవుచున్న గురుతులు. అవి ఆగినప్పుడే నీరు తీరినట్లు. తీసిన పిమ్మట పూర్తిగా చల్లారనిచ్చి, చేతికి రవ్వంత వెచ్చదనమైనను తగలదని నిశ్చయించుకొనిన తరువాతనే డబ్బాలో పోసి మూత బిగింపవలెను. ఆ పని చక్కగా చేసినచో పక్షము దినములకును చెక్క పుటుక్కున విరుగును.

ఆడపడుచు: ఇంత సూక్ష్మముగా తెలిసిన మీరే ముందువంటకు విరోధు లగుట నాకు వింతగా నున్నది. సకినాలకును ఇదియే న్యాయము. మా పొరుగింటివారు కరీంనగరమువారు. సంక్రాంతికి వారు సకినాలు చుట్టుటను చూచితిని. బియ్యమును రాత్రి నానవేసి, వార్చి, తడిపిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు మాత్రమే కలిపి, పరచిన గుడ్డమీద వ్రేళ్ళ నడుమ పిండిని మెలివెట్టుచు వలయములుగా చుట్టుదురు. గుడ్డ తేమను కొంత పీల్చి, సకినము నూనెలోనికి జారవిడువదగినంత గట్టిపడు వరకు వేచియుందురు. ఆ పిండిలో వెన్న లేదు, పప్పు లేదు. అయినను వారములు నిలుచును. తెలంగాణమున ఆ పండుగకు వచ్చిన ప్రతి చుట్టమునకును పెట్టునది అదియే.

వదిన: సకినమును నేనును మెచ్చుకొందును. అయితే పొడి వంటలతోనే విందు నడపజాలవు. నాలుగు చెక్కలు నమలినవాడు పదవ నిమిషమున మంచినీరడుగును. మెత్తనిది, తడిగలది, కడుపునకు చలువ చేయునది ఒకటి కావలెను.

ఆడపడుచు: అందులకే ఆవడలు. ఈ వంటకు కాలమే రుచి కూర్చును. ఇప్పుడే చేసి యిప్పుడే పెట్టిన ఆవడ ఆవడయే కాదు. అరకిలో మినపపప్పును నాలుగు గంటలు నానవేసి, నీరు చిలుకరించి చిలుకరించి గట్టిగా రుబ్బి, చిన్నవిగా తట్టి వేయించినచో 50 వరకు వచ్చును. నూనెనుండి తీసిన వెంటనే మంచినీటిలో వైచి, రెండు నిమిషములు తాళి, రెండు అరచేతుల నడుమ మృదువుగా నొక్కి నీరు వెడలించి, అల్లము పచ్చిమిర్చి నూరి కలిపిన తియ్యని పెరుగులో విడిచి, తాలింపు పెట్టి, రాత్రియంతయు ఫ్రిజ్జులో నుంచిన, మరునాటికి పెరుగు గారె మధ్యమునకు చేరును. ఇది నా కల్పనయు కాదు. 12వ శతాబ్దమున కల్యాణ చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసముననే క్షీరవటక మను పేరున ఇట్టి నానిన వడ ప్రసక్తి కలదు. వేడి వడ యొక రుచి. నానిన వడ మరియొక రుచి. రెండవదానిని కోరి, కాలము నిచ్చి, చేసికొనిన పూర్వులకు వేడి యొక్కటియే ప్రమాణమై యుండలేదు.

వదిన: ఆవడ విషయమున నీకు రెండు మెలకువలు చెప్పెదను. రాత్రి గడచునప్పటికి గారెలు పెరుగును త్రాగివేయును. గిన్నెలో ముద్ద మిగులును. వడ్డించుటకు ముందు పోయుటకై ఉప్పు వేసి చిలికిన పలుచని పెరుగు అరలీటరు వేరుగా నుంచుకొనుము. పైన చల్లు కారట్టు తురుమును, కొత్తిమీరయు, బూందీయు చిట్టచివరనే చల్లవలెను. ఇక నా అసలు భయము చెప్పెదను. వేడిగా చేసి వేడిగా తినిన వంట రుచిలో తప్పినను ఆరోగ్యమున తప్పదు. నీవు చెప్పు వంటలు గంటలకొలది గదిలో నిలుచునవి. పులిహోరను ఉదయమే కలిపి సాయంకాలము పెట్టెదనంటివి. అన్నము ఉడికినను చావని సూక్ష్మజీవి బీజములు కొన్ని అందుండుననియు, వెచ్చగా నిలిచిన యన్నమున అవి మొలకెత్తి వాంతులు విరేచనములు కలిగించుననియు వైద్యులు చెప్పుదురు. మన ఎండలలో మూడుగంటల సేపు బల్లమీద నుంచిన కొబ్బరి పచ్చడి వాసన నీ వెరుగుదువు. పిల్లలును వృద్ధులును వచ్చు విందిది.

ఆడపడుచు: ఈ యాక్షేపణ నా వాదమున కెల్ల మిక్కిలి బలమైన యెదురు. దానిని తేలికగా త్రోసివేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార రక్షణకై చెప్పిన సూత్రములలో, వండిన పదార్థమును గది వేడిమిలో రెండు గంటలకు మించి విడువరాదనియు, చల్లగా నుంచవలసినదానిని 5 డిగ్రీలకు లోపలను, వేడిగా నుంచవలసినదానిని 60 డిగ్రీలకు పైనను ఉంచవలెననియు కలదు. మీరు పేర్కొన్న బీజములు బాసిల్లస్ సీరియస్ అను జాతివి. ఈ రెండు హద్దుల నడుమనే వానికి బలము. కావున ఆవడల గిన్నె నంతయు ఒక్కసారి బల్లమీద పెట్టను. చిన్న గిన్నెలోనికి తీసి, అది తీరిన పిమ్మట మరల ఫ్రిజ్జునుండి నింపెదను. పులిహోర విషయమున మాత్రము నా యాలోచనను మార్చుకొనుచున్నాను. పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను కొంత అరికట్టు నన్నది నిజమే యైనను, దానిని నమ్ముకొని ఉదయమునుండి సాయంకాలము వరకు ఉంచుట తగదు.

వదిన: అట్లయిన పులిహోరను రెండు పనులుగా విడదీయుము. చింతపండు గుజ్జును నూనె, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కొంచెము బెల్లముతో, నూనె పైకి తేలు వరకు ఉడికించి చల్లార్చి గాజుసీసాలో పెట్టినచో, ఫ్రిజ్జులో వారము నిలుచును. పులిహోరలో శ్రమ యంతయు ఆ గుజ్జులోనే యున్నది. ఆదివారము మూడుగంటలకు అన్నము బిరుసుగా వండి, వెడల్పైన పళ్ళెములలో పలుచగా నారబెట్టి, గుజ్జును తాలింపును కలిపితివా, ఐదు గంటలకు ఉప్పును పులుపును మెతుకునకు పట్టును, గడువును మీరదు. శనగల విషయమునను ఇదే దారి. రాత్రి నానవేసి ఉదయము ఉడికించి ఫ్రిజ్జులో పెట్టుము. తాలింపు మాత్రము వడ్డించుటకు ముందు. కొబ్బరి తురుము ఆ వెనుక. కొబ్బరి పచ్చడిని మానివేసి అల్లపు పచ్చడి చేయుము. చింతపండును బెల్లమును ఉప్పును కలిసి దానిని కాపాడును.

ఆడపడుచు: వదినా, మీరు తెలియకయే నా పక్షమునకు వచ్చితిరి. గుజ్జు ముందు, అన్నము పిమ్మట. ఉడుకు ముందు, తాలింపు పిమ్మట. నా కోరిక యిదియే గదా.

వదిన: పక్షము మార్చలేదు, నీ పక్షమునను నా పక్షమునను ఉన్న మంచిని వేరు చేయుచున్నాను. నా మనస్సులో నున్న మరియొక సంశయమును వినుము. ముందుగా చేయుట యనునది మొదట నాలుగుదినముల ముందు వండుటగా మొదలగును. తరువాత, ఎట్లును ముందుచేసినదే గదా యని, అంగడినుండి తెచ్చుటగా మారును. సంచి విప్పి పళ్ళెములో పోయుటకు చేయి తిరుగ నక్కరలేదు. చెక్క చుట్టు లేచు బుడగను చూచి నీరు తీరినదని చెప్పగల కన్ను, రుబ్బిన పిండిని వ్రేలితో తాకి గారెకు తగునో లేదో చెప్పగల చేయి, ఒక తరమున అలవాటు తప్పినచో మరుతరమునకు మిగులవు. నిమిషముమీద నిమిషము పొయ్యి కడ నిలిచి చేయువంట ఆ నేర్పును బ్రదికించునని నా నమ్మకము.

ఆడపడుచు: నేర్పు నిలువవలెనన్న మీ మాట నాకు శిరోధార్యము. అయితే అది నిలుచు చోటు వేడివంట కాదని నా యెరుక. విందు జరుగుచున్నప్పుడు పొయ్యి కడ నుండునది ఒక్కతె. ఆమెకు త్వర, అతిథులకు ఆకలి. ప్రక్కన చేరి నేర్చుకొనవచ్చిన పిల్లను నూనె చిందునని ఆవలకు పొమ్మందురు. ముందువంట నాడో? వేసవిలో వడియాలు పెట్టునాడును, పెండ్లికి అరిసెలు వత్తునాడును, సంక్రాంతికి సకినాలు చుట్టునాడును ఇరుగుపొరుగువా రందరును చేరుదురు. ఒకరు పిండి కలుపుదురు, ఒకరు ఒత్తుదురు, ఒకరు వేయింతురు, పదేండ్ల పిల్ల మొదటి చెక్కను వంకరగా ఒత్తినను ఎవరును కసరరు, మరియొకటి ఒత్తుమందురు. ఆనాడు ఎవరికిని త్వర లేదు. కాబట్టియే మనకు వంట వచ్చినది. బుడగ లణగువరకు వేచియుండుమని మీకు చెప్పినవారెవరు? అతిథులు ముందు గదిలో ఎదురుచూచుచున్న సాయంకాలమున చెప్పిరా, లేక పండుగకు నాలుగుదినముల ముందు తీరికగా కూర్చుండి చెప్పిరా?

వదిన: మా అమ్మమ్మ సారె చెక్కలు వేయించునాడు చెప్పినది. నీ వడిగిన ప్రశ్నకు నే నింత దనుక ఈ కోణమున ఆలోచింపలేదు. నలుగురు చేతులు కలుపు వంట ముందువంటయే యన్న మాటను ఒప్పుకొనుచున్నాను. అయినను, విందునాడు పొయ్యి పూర్తిగా ఆరియుండరాదన్న నా పట్టుదలను విడువను. వచ్చినవారు ఇంటిలో అడుగిడగానే తాలింపు ఘుమఘుమ తగులవలెను. ఒక్కటియైనను వేడిగా చేతి కందవలెను. ఇల్లు తమ కొరకు మేలుకొని యున్నదని అతిథులకు అప్పుడు తోచును. తొమ్మిది వంటలు చల్లనివై, పదియవది యొక్కటి వేడిదైనను, ఆ యొక్కటి తక్కిన తొమ్మిదింటికిని మర్యాద తెచ్చును.

ఆడపడుచు: ఆ ఒక్కటిని మీరే యెంపిక చేయుడు. కాని నా లెక్కను మరువకుడు. గంటసేపు ఒకరిని బంధింపనిది కావలెను.

వదిన: వడియము మనకు దారి చూపుచున్నది. నెలల పని ముందే ముగియును. నిమిషము పని మిగిలియుండును. ఊరమిరపకాయలు చూడుము: గాటు పెట్టి, ఉప్పువేసిన మజ్జిగలో నానవేసి, పగలెల్ల ఎండబెట్టి, రాత్రి మరల మజ్జిగలో వైచి, మజ్జిగ యంతయు ఇగిరిపోవు వరకు ఆ విధముగనే చేయుదురు. అతిథి వచ్చిననాడు వాని కక్కరపడు నూనె రెండు గరిటెలు, కాలము ఒక నిమిషము. బజ్జీని మానుదము, దానికి బదులు కూరగాయల కట్లెట్లు చేయుదము. బంగాళాదుంపలు, బఠానీలు, కారట్టు శనివారము ఉడికించి, నీరు పూర్తిగా ఆర్చి, అల్లము, కొత్తిమీర, గరము మసాలా చేర్చి, బిళ్ళలుగా చేసి, రొట్టెపొడి అద్ది, పళ్ళెమున పరచి ఫ్రిజ్జులో నుంచుదము. చల్లదనమున ఆ బిళ్ళ గట్టిపడును గనుక పెనముమీద విరుగదు. పెద్ద పెనముమీద కొంచెము నూనెతో ఒక్కసారి పదేసి కాల్చవచ్చును. ఇరుప్రక్కలకును కలిపి ఏడెనిమిది నిమిషములు చాలును. ప్రక్కనే గిన్నెలో ఊరమిరపకాయలును వడియములును వేయించుచు వాయివాయిగా పంపుదము.

ఆడపడుచు: బుల్లి ఇడ్లీలను కూడ చేర్చుదమా? చల్లారిన యిడ్లీ గట్టిపడునను జంకు నాకున్నది.

వదిన: నిరభ్యంతరముగా చేర్చుము. చల్లదనమున బియ్యపు పిండిపదార్థము బిగిసికొనుటచే ఇడ్లీ గట్టిపడును. మరల ఆవిరి తగిలినచో ఆ బిగువు సడలి మెత్తనగును. ఆదివారము ఉదయము వండి, చల్లార్చి, ఫ్రిజ్జులో పెట్టుము. వడ్డించుటకు ముందు ఐదు నిమిషములు ఆవిరిపై నుంచి, నేయియు కారప్పొడియు పట్టించితివా, క్రొత్తగా దించినవానికిని వీనికిని భేదము తెలియదు. వేడివంటలు రెండైనను గంటసేపటి పని లేదు.

ఆడపడుచు: అట్లయిన మన క్రమ మిది. బుధవారము చెక్కలు, పొరుగింటివారిని, వారి పిల్లలను పిలుతును. సకినాలు వారే చుట్టిపెట్టుదుమనిరి. ఆ పని కూడ ఆనాడే. గురువారము అల్లపు పచ్చడి. శుక్రవారము పులిహోర గుజ్జు. శనివారము సాయంకాలము ఆవడలు, కట్లెట్ల బిళ్ళలు. రాత్రి శనగలు నానవేయుట. ఆదివారము ఉదయము ఇడ్లీలును శనగలును, మూడుగంటలకు పులిహోర అన్నము, నాలుగున్నరకు తాలింపులు. ఐదు గంటలకు పొయ్యిమీద పెన మొక్కటి, ఇడ్లీపాత్ర యొక్కటి.

వదిన: క్రమము చక్కగా నున్నది. దీనికి నే నొక నియమమును చేర్చుచున్నాను. దాని నంగీకరించిననే నా సమ్మతి. ఆ పెనము ముందు సాయంకాలమంతయు ఒక్కరే నిలువరాదు. మొదటి వాయి నాది, రెండవది నీది, మూడవది మీ యన్నయ్యది, నాలుగవది నీ భర్తది. ఆ పిమ్మట పెద్దపిల్లలది. వాయి ముగించినవారు తాము కాల్చినదానిని తామే పళ్ళెమున నుంచి తీసికొనిపోయి అతిథులకు వడ్డించి, అచ్చటనే కూర్చుండవలెను. ఇంతకాలము వేడివంటను నేను సమర్థించుచు వచ్చితిని. వేడిని కాచినవారు మాత్రము ఇంటి ఆడువారే యగుచుండిరి. వేడివంట మర్యాదయే యైనచో, ఆ మర్యాద చేయు భాగ్యము ఇంటిల్లిపాదికిని దక్కవలెను గదా.

ఆడపడుచు: ఆ నియమమును నేను సంతోషముతో శిరసావహించెదను. నేను ముందువంటను కోరినది వేడిమీది విముఖతచే కాదు. ఒక్కతె మీదనే ఆ భారము పడుట చూడలేక. మీరు భారమును పంచితిరి గనుక, వేడిని గూర్చి నాకు పంత మేమియు లేదు. అన్నయ్యకు పెనము త్రిప్పుట శనివారమే నేర్పుదము.